మోనార్క్ పురుగులు చచ్చిపోయాయి, పాపకి ఏం చెప్పాలి?

ఆస్టిన్ అమ్మ:
మేం టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాం. మా పాపకి ఏడేళ్లు. బడిలో మోనార్క్ సీతాకోకచిలుకల పాఠం విన్నప్పటి నుంచి "మనమూ సాయం చేద్దామమ్మా" అని ఒకటే పట్టు. నర్సరీ నుంచి ఎర్ర, పసుపు పూల మిల్క్‌వీడ్ కుండీ తెచ్చాను, మోనార్క్ పురుగులు తినే మొక్క అది. కొన్నాళ్లకే చారల గొంగళిపురుగులు ఐదు కనిపించాయి. నిన్న పొద్దున చూస్తే మూడు మట్టిలో మెత్తగా, నల్లగా పడి ఉన్నాయి. పాప అన్నం కూడా తినలేదు. మిగిలిన రెండింటినీ డబ్బాలో పెట్టి ఇంట్లో పెంచనా?

తోటలో రోజూ:
డబ్బా వద్దండీ. ముందు ఆ రెండింటినీ మందు కొట్టని మిల్క్‌వీడ్ మీదికి మార్చండి. చేత్తో లాగకండి, ఆకుతో సహా తుంచి కొత్త ఆకుల మీద పెట్టండి, అదే పాక్కుంటూ ఎక్కుతుంది. పురుగులు తెగులు వల్ల కూడా నల్లబడి చస్తాయి, కాబట్టి కారణం ఏమిటో చూడకుండా చెప్పలేను. కానీ నా మొదటి అనుమానం నర్సరీ మందు మీదే. నియోనికొటినాయిడ్ అనే రకం పురుగుమందులు ఆకు లోపలికే ఎక్కుతాయి, కడిగినా పోవు. కొనేముందు మందు వాడారా అని అడగాల్సిందే.

ఇంకో మాట. మీరు తెచ్చింది ట్రాపికల్ మిల్క్‌వీడ్‌లా ఉంది. టెక్సాస్ చలికాలంలో అది ఎండిపోదు, దాంతో మోనార్క్‌లకి పట్టే ఓఈ అనే పరాన్నజీవి ఆ ఆకుల మీదే పోగవుతుంది. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మొదలుకంటా కత్తిరిస్తూ ఉండండి. కత్తిరించేటప్పుడు కారే పాలు కంట్లో పడనివ్వకండి, మన జిల్లేడు కుటుంబమే అది.

వచ్చే ఏడాదికి యాంటిలోప్ హార్న్స్ వేయండి, అది టెక్సాస్‌లో సహజంగా పెరిగే మిల్క్‌వీడ్. గింజల్ని తడి పేపర్ టవల్‌లో చుట్టి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ చలి తగిలితేనే బాగా మొలకెత్తుతాయి. మా పిల్లలు ఫ్రిజ్ తలుపు మీద రోజుకో గీత గీసేవాళ్లు.

పాపకి నిజమే చెప్పండి. వంద గుడ్లలో పది కూడా రెక్కల దాకా రావు, అందుకే తల్లి వందల్లో పెడుతుంది. పిల్లలు ఇది మనకన్నా బాగా అర్థం చేసుకుంటారు.

భూతద్దం:
ఆకు అడుగున వెతికించండి. గుడ్డు గుండుసూది తలంత, సన్నటి గీతలతో ఉంటుంది. లోపలి పురుగు బయటికొచ్చి మొదట తినేది ఆ పెంకునే! మా అబ్బాయి అది చూసి గంటసేపు కదల్లేదు. మ్యాప్ కూడా పరచండి. వేసవి మోనార్క్‌లు కొన్ని వారాలే బతుకుతాయి, శరదృతువువి మాత్రం మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల అడవులకు ఎగిరి వెళ్లి వసంతం దాకా ఉంటాయి. అవి ఎప్పుడూ చూడని చోటు అది. ఆ దారిలో వాటికి తేనె కావాలి, అందుకే శరదృతువులో పూసే మొక్కలు కూడా వేయండి.

ఆస్టిన్ అమ్మ:
పక్కింటివాళ్ల మొక్క మీదికి మార్చాం. ఒకటి ఎటు పోయిందో తెలియదు. రెండోది ప్యూపాగా మారడానికి ఈ రోజు కంచెకి తలకిందులుగా కొక్కెంలా వేలాడుతోంది. ఎండ తగులుతోందని పాప తన గొడుగు తెచ్చి పట్టుకుని నిలబడింది.