‘గంజాయి ఆకు’ అని రాయొచ్చా? ‘మత్తుమందు’ అంటే ఏది?

అడిగినవారు (కోర్టు కాగితాల అనువాదం):
పోలీసు పంచనామాల్లో ‘ఎండు గంజాయి ఆకు 22 కిలోలు స్వాధీనం’ అన్న వాక్యం తరచూ కనబడుతుంది. ఇంగ్లీషులోకి దించేటప్పుడు అక్కడ చెయ్యి ఆగుతుంది. తులసివనంలో గంజాయిమొక్క అంటాం కదా, మన వాడుకలో గంజాయి అంటే మొక్క మొత్తం. చట్టం దృష్టిలో కూడా అంతేనా? పక్కన ‘ఆకు’ చేరితే అర్థం మారుతుందా? ఇక్కడ వకీళ్లున్నారు, నిఘంటువు పని చేసేవారున్నారు, చెప్పండి.

న్యాయవాది:
మారుతుంది. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 2వ సెక్షన్‌లో గంజాయి అంటే మొక్క కాదు. పూత పట్టిన, కాయ పట్టిన కొసలు మాత్రమే. ఆకులూ గింజలూ ఆ కొసలతో కలిసి ఉంటేనే లెక్కలోకి వస్తాయి, విడిగా ఉంటే రావు.

ఇది మాటల తగాదాగా కనిపిస్తుంది గానీ మనిషి జీవితంలో ఏళ్లకు ఏళ్లు దీనిమీద ఆధారపడ్డాయి. కిలో దాకా ‘చిన్న పరిమాణం’, శిక్ష ఏడాదికి మించదు. కిలో దాటి 20 కిలోల దాకా పదేళ్ల వరకు పడొచ్చు. 20 దాటితే ‘వాణిజ్య పరిమాణం’: పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా వెళ్తుంది. పైగా 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. నిందితుడు నేరం చేయలేదని, బయటికొస్తే మళ్లీ చేయడని నమ్మడానికి కారణం కనిపిస్తేనే కోర్టు బెయిలిస్తుంది.

మీరు చెప్పిన 22 కిలోల మూటే తీసుకోండి. అందులో మొద్దు కాడలు, రాలిన ఆకు, గింజ కలిపి మూడు కిలోలు ఉన్నాయనుకుందాం. కొసలు 19 కిలోలు. వేరుచేసి తూస్తే శిక్షల్లో మధ్య గడి, చేయకపోతే వాణిజ్య పరిమాణపు పై గడి. అందుకే మూట విప్పగానే రంగు, వాసన, తడి ఉందా లేదా రాసి, కొసలు, కాడలు, విడి ఆకు, గింజ నాలుగు కుప్పలు చేసి దేని తూకం దానికి వేయాలి. పచ్చిదో ఎండుదో తప్పక రాయాలి. పచ్చి సరుకు గోదాములో ఎండి బరువు తగ్గితే, తర్వాత తూకం తేడా వచ్చి మధ్యలో మాయం చేశారన్న అనుమానం పుడుతుంది. శాంపిల్ 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఎదుట తీయాలి. గంజాయికి 24 గ్రాములకు తగ్గకూడదు, రెండు ప్రతులు ఉండాలి.

వేరుచేయకుండా ‘గంజాయి ఆకు’ అని ఒక్క ముక్క రాస్తే రెండు రకాల అన్యాయం జరుగుతుంది. అసలు వ్యాపారి మంచి వకీలును పెట్టుకుని ఆ ‘ఆకు’ పట్టుకుని బయటపడతాడు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి కూలికి మూట మోసుకొచ్చిన గిరిజనుడికి ఆ వాదన ఉందని చెప్పేవారే ఉండరు, ఏళ్లు జైల్లో గడిచిపోతాయి.

నిఘంటువు పని చేసేవారు:
వకీల్ సాబ్ చెప్పినదానికి వెనక కథ ఉంది. ఆకుతో భంగు, పూతకొసలతో గంజాయి, జిగురుతో చరస్. ఈ మూడు ముక్కల విభజన ఈ దేశపు బజారుది, ఆబ్కారీ కచేరీలది. 1893–94లో బ్రిటిషు ప్రభుత్వం వేసిన కమిషన్ ఆ విభజన ప్రకారమే విచారించింది. మితంగా వాడేవారికి చెప్పుకోదగ్గ హాని లేదని, పూర్తి నిషేధం వద్దని, పన్నూ లైసెన్సుతో అదుపు చేయమని చెప్పింది. చాలా దశాబ్దాలు అదే నడిచింది.

1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందం దాన్ని మార్చింది. వైద్యానికి కాని వాడకాన్ని 25 ఏళ్లలో ఆపాలని గడువు పెట్టింది. అయితే నిర్వచనంలో కొసలనే ఉంచి, విడి ఆకునూ గింజనూ వదిలేసింది. ఆ గడువు దగ్గరపడుతుండగా 1985 నవంబరు 14న మన చట్టం అమల్లోకి వచ్చింది. అంటే గంజాయి అన్న మన మాట ఇంగ్లీషు చట్టంలోకి వెళ్లి, అర్థం సన్నబడి, మళ్లీ తెలుగు పంచనామాలోకి వచ్చింది. రాసే కానిస్టేబులుకు మాత్రం అది అమ్మమ్మ నోట విన్న గంజాయిమొక్కే. చిక్కంతా అక్కడుంది.

ఆకు చట్టంలో లేదంటే స్వేచ్ఛ ఇచ్చారని కాదు. అది రాష్ట్ర ఆబ్కారీ చట్టం కిందికి వస్తుంది. మొక్క పెంచితే 20(ఎ) సెక్షన్, అక్కడ తూకంతో పనే లేదు.

ఇంకొకరు:
గసగసాలూ అంతే కదండీ. నల్లమందు తీసే కాయలోని గింజే అది. ఇక్కడ కూరలో వేసుకుంటే తప్పులేదు, చట్టం గింజను వదిలేసింది. దుబాయ్ వెళ్లేవాళ్ల మసాలా మూటలో మాత్రం ఒక్క చెంచా కూడా ఉండకూడదు, అక్కడ నిషేధం.

పాలియేటివ్ (నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే) విభాగపు ఫార్మసిస్టు:
గంజాయి సంగతి తేలింది. ‘మత్తుమందు’ గురించి కూడా పట్టించుకోండి, దీనివల్ల జరుగుతున్న నష్టం కళ్లెదుట ఉంది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చేదీ మత్తుమందే, ఇచ్చేవారు ‘మత్తు డాక్టరు’. పేపర్లో ‘మత్తుమందు ముఠా అరెస్టు’ అన్నా అదే మాట. క్యాన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్రనూ అలాగే అంటారు. ఆ మాట వినగానే ఇంటివాళ్లు ‘మా నాయనకు మత్తుమందు అలవాటు చేస్తారా’ అని మాత్ర పక్కన పెట్టేస్తారు. మనిషి నొప్పితో అరుస్తూనే ఉంటాడు.

సాధారణ మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలే. నొప్పి లేచాక వేస్తే వెనకబడిపోతాం, గడియారం చూసి వేయాలి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం మందు తోడివ్వాలి. చాలామంది దాన్ని మానేసి, కడుపు బిగిసిపోయాక మార్ఫిన్‌నే తిడతారు. డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదు.

ఈ భయం మాటతోనే పుట్టలేదు, చట్టంతో బలపడింది. 1985 తర్వాత ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించాలంటే ఉంచుకోవడానికి ఒక లైసెన్సు, రవాణాకు ఒకటి, వేరే రాష్ట్రం నుంచి దిగుమతికి ఒకటి కావాల్సి వచ్చేది. ఒకటి వచ్చేసరికి ఇంకొకదాని గడువు తీరిపోయేది. ఆసుపత్రులు తెప్పించడమే మానేశాయి. 2014 సవరణ ‘అత్యావశ్యక మాదకౌషధాలు’ అని వేరు వర్గం పెట్టి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకు దారి సులువు చేసింది. చట్టం తన మాటను విడదీసుకుంది, మనం ఇంకా విడదీసుకోలేదు. చీటీమీద ‘నొప్పి మాత్ర – మార్ఫిన్’ అని రాస్తే చాలు.

ఇంకొకరు (వ్యసన చికిత్స):
మేడమ్ మాటకు తోడుగా ఒకటి. ‘కల్లు మానేసరికి పిచ్చి లేచింది’ అంటారు. లేచేది కల్లు వల్ల కాదు, అందులో కలిపిన అల్ప్రాజోలం అనే నిద్రమందు ఆగిపోవడం వల్ల. కల్లు దుకాణాలపై ఆబ్కారీ దాడులు జరిగి ఆ పొడి ఆగిపోతే, రోజుల్లోనే చేతులు వణకడం, నిద్రపట్టకపోవడం, ఫిట్స్, లేనివి కనబడడం. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇదే జరిగింది. దాడి చేసేరోజే దగ్గరి ఆసుపత్రికి కబురు ఉండాలి. ఆ మందును మెల్లగా తగ్గిస్తూ రావాలే తప్ప ఒక్క దెబ్బకు ఆపితే ప్రాణం పోవచ్చు. ‘మత్తుకు బానిస’ అన్న మాట కూడా వదిలేద్దాం. బానిస అంటే సిగ్గుతో ఎవరూ ఆసుపత్రి గడప తొక్కరు. ‘అలవాటు పడ్డవారు’ అనండి. ఉచిత సలహాకు 14446.

న్యాయవాది:
నిజమే. 64ఎ సెక్షన్ ఉన్నది వాళ్ల కోసమే. వాడినందుకు గానీ చిన్న పరిమాణం ఉన్నందుకు గానీ కేసైనవారు తామంతట తాము చికిత్సకు ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే పోతుంది.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అయితే అనువాదంలో ‘ఆకు’ తీసేసి చట్టం మాటకు సరిపోయేలా ‘గంజాయి’ అని మాత్రమే రాయనా?

న్యాయవాది:
వద్దు సర్. సరిగ్గా రాయాల్సింది పంచనామా రాసేవారు, మీరు కాదు. ఆకు అని ఉంటే ఆకు అనే దించండి. మీరు శుభ్రం చేస్తే, జైల్లో ఉన్న మనిషికి మిగిలిన ఆ ఒక్క వాదన మీ చేతిలోనే చెరిగిపోతుంది.