యూకేలో ఇద్దరు పిల్లల పరిమితి ఎత్తేస్తున్నారు: మూడో బిడ్డకు మన పన్ను డబ్బు ఎందుకివ్వాలి?

తూగోజీ_టు_టీసైడ్:
2025 నవంబర్ 26 బడ్జెట్ అయిన దగ్గర్నుంచి మన గ్రూపుల్లో ఒకటే గోల. యూనివర్సల్ క్రెడిట్‌లో (తక్కువ ఆదాయం ఇళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) ఇద్దరు పిల్లలకు మించి ఇవ్వకూడదన్న రూలును 2026 ఏప్రిల్ నుంచి తీసేస్తామని లేబర్ ప్రభుత్వ ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ ప్రకటించింది కదా, దాని మీద "మనం చాకిరీ చేసి పన్ను కడితే వాళ్లు ఇంట్లో కూర్చుని పిల్లల్ని కంటారు" అంటూ ఒకదాని తర్వాత ఒకటి ఫార్వర్డులు. చట్టం మార్చాలి కాబట్టి పార్లమెంటులోనూ ఇదే గొడవ ఇంకోసారి వింటాం. ఆ లోపు ఇక్కడ మనం కొట్టుకుందాం.

రూలు తెలియనివాళ్ల కోసం: 2017 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన మూడో బిడ్డకీ, ఆ పై పిల్లలకీ చైల్డ్ ఎలిమెంట్ (యూనివర్సల్ క్రెడిట్‌లో బిడ్డకు ఇచ్చే వాటా) రాదన్నది 2025 నాటి రూలు. 2025-26 లెక్కన ఒక్కో బిడ్డకు నెలకు 293 పౌండ్ల దాకా పోయేది. (చైల్డ్ బెనిఫిట్ వేరు, దానికి ఈ పరిమితి లేదు, రెండూ కలిపేసి గందరగోళం చెయ్యకండి.) 2015లో అప్పటి కన్జర్వేటివ్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ దీన్ని ప్రకటించినప్పుడు చెప్పిన కారణం ఏంటంటే, సొంత సంపాదనతో బతికేవాళ్లు పిల్లల్ని కనేముందు ఖర్చు చూసుకుంటారు, బెనిఫిట్ల మీద ఉన్నవాళ్లూ అలాగే చూసుకోవాలి అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ రూలు తగిలిన ఇళ్లలో దాదాపు 60 శాతం ఇళ్లలో ఎవరో ఒకరు పనికి వెళ్తూనే ఉన్నారు. రూలు వచ్చాక జననాలు తగ్గాయా అని పరిశోధకులు చూస్తే తగ్గింది చాలా కొంచెం. పిల్లలు పుట్టారు, డబ్బు రాలేదు, అంతే జరిగింది. 16 లక్షలకు పైగా పిల్లలు ఆ ఇళ్లలో ఉన్నారు.

నా వరకు రూలు తీసెయ్యడం కరెక్టే. నా కంప్లైంటు బెనిఫిట్ క్యాప్ (ఒక ఇంటికి వచ్చే బెనిఫిట్ల మొత్తానికి పెట్టిన గీత) గురించి, అది తర్వాత చెప్తా. ముందు మీరు తిట్టండి.

రెడింగ్_రాజు:
తిట్టను గానీ అన్నా, అదే బడ్జెట్‌లో ఇన్‌కమ్ టాక్స్ థ్రెషోల్డుల్ని (ఏ ఆదాయం నుంచి ఎంత పన్నో చెప్పే గీతల్ని) 2031 దాకా ఫ్రీజ్ చేశారన్నది నువ్వు రాయలేదు. 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్ (పన్ను పడని ఆదాయం) 2021 నుంచి కదల్లేదు, ఇంకో ఐదారేళ్లు కదలదు, రేటు పెంచలేదు అని పైకి చెప్పుకుంటూనే ప్రతి ఏడూ మన దగ్గర ఇంకాస్త లాగుతారు. ఇటు చూస్తే ఈ రూలు ఎత్తెయ్యడానికి 2029-30 నాటికి ఏడాదికి 3 బిలియన్ పౌండ్ల ఖర్చు. మేమిద్దరం రెండో బిడ్డ దగ్గరే ఆగిపోయాం, నర్సరీ ఫీజులు చూసి. మా ఆవిడకు ఇంకొకరు కావాలనే ఉండేది. ఆ లెక్క మేం వేసుకోవాలి, పక్కింటివాళ్లు వేసుకోనక్కర్లేదా? ఈ మాట అడిగితే జాలి లేనివాణ్ణి అయిపోతానా?

కొల్లేరు_కొంగ:
యూనివర్సల్ క్రెడిట్ వాళ్లకు నర్సరీ ఫీజు 85 శాతం దాకా వెనక్కిస్తారు, అది కూడా రాయి రాజూ.

తూగోజీ_టు_టీసైడ్:
కొంగ గారూ, అది ఉద్యోగం చేసేవాళ్లకే ఇస్తారు. ఇంట్లో కూర్చున్నవాళ్లకు కాదు. మీరు నా వాదనకే సాయం చేస్తున్నారు.

పాత_కాపు:
నేను ఇక్కడికి వచ్చేసరికి ఈ క్రెడిట్లన్నీ కొత్త. 2003 ఏప్రిల్‌లో అప్పటి ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ వర్కింగ్ టాక్స్ క్రెడిట్, చైల్డ్ టాక్స్ క్రెడిట్ అని రెండు మొదలుపెట్టాడు. పేరులో టాక్స్ ఉంది గానీ అది పన్ను తగ్గింపు కాదు, తక్కువ జీతగాడి అకౌంట్లో వేసే నగదే. అలా పేరు పెట్టడంలోనే రాజకీయం ఉంది, బెనిఫిట్ అంటే జనానికి కోపం, క్రెడిట్ అంటే పోనీలే అనుకుంటారు. ఆ రెండూ యూనివర్సల్ క్రెడిట్‌లో కలిసిపోయి 2025 ఏప్రిల్ 5తో పూర్తిగా ఆగిపోయాయి.

2015 సంగతి చెప్తా, కుర్రాళ్లకు గుర్తుండదు. ఆస్బోర్న్ అప్పుడు తెచ్చింది ఇద్దరు పిల్లల రూలు ఒక్కటే కాదు. టాక్స్ క్రెడిట్ కోత ఎక్కడ మొదలవ్వాలి అన్న ఆదాయం గీతను 6,420 పౌండ్ల నుంచి 3,850కి దించి, ఆ పైన ప్రతి పౌండుకూ కోసేది 41 పెన్నీల నుంచి 48కి పెంచుతానన్నాడు. ఏడాదికి 16,000 సంపాదించే మనిషిని తీసుకుని లెక్క కట్టండి, 1,900 పౌండ్లకు పైగా పోతుంది. పొద్దున్నే లేచి పనికి పోయేవాళ్ల డబ్బు అది. సొంత పార్టీలోనే కొత్తగా గెలిచిన హైదీ ఆలెన్ తన మొదటి స్పీచ్‌లోనే ఇది తప్పని నిలదీసింది. అక్టోబర్ 26న హౌస్ ఆఫ్ లార్డ్స్ (పార్లమెంటు పై సభ) అడ్డం పడింది. కామన్స్‌లో (కింది సభ) మెజారిటీ ఉండి కూడా నెల తిరిగేసరికి, నవంబర్ 25న, ఆస్బోర్న్ ఆ కోత మానుకున్నాడు.

మరి ఇద్దరు పిల్లల రూలు ఎందుకు నెగ్గింది? నేను అనుకునేది ఇది. టాక్స్ క్రెడిట్ కోత అప్పటికే డబ్బు తీసుకుంటున్న లక్షల మందికి ఒకే రోజు తగిలేది, ప్రతి ఎంపీ ఆఫీసు ముందూ జనం ఉండేవాళ్లు. ఇద్దరు పిల్లల రూలు ఇంకా పుట్టని పిల్లలకు తగిలింది. వాళ్ల తరఫున ఆ రోజు ఎవరొస్తారు? ఆ జూలైలో ఈ రూలున్న బిల్లు సెకండ్ రీడింగ్‌కు (పార్లమెంటులో మొదటి పెద్ద ఓటు) వస్తే ప్రతిపక్షంలోని లేబర్ నాయకత్వమే ఓటు వెయ్యకుండా ఊరుకోమంది. 48 మంది లేబర్ ఎంపీలు మాట వినకుండా వ్యతిరేకంగా వేశారు, అందులో ఒకాయన జెరెమీ కార్బిన్, రెండు నెలల్లో పార్టీ లీడర్ అయ్యాడు.

రెడింగ్_రాజు:
కాపు గారూ చరిత్ర బాగుంది, నా ప్రశ్న అలాగే ఉంది.

నైట్_షిఫ్ట్_నర్స్:
ఈ గొడవలో మన వీసావాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న నాకు పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ బెనిఫిట్లు) ఏవీ లేవు, చైల్డ్ బెనిఫిట్ కూడా రాదు. ఇన్‌కమ్ టాక్స్ కడతాను, నేషనల్ ఇన్సూరెన్స్ కడతాను, నర్సులకు మినహాయింపు ఉంది గానీ మిగతా స్కిల్డ్ వర్కర్ల దగ్గరైతే వీసా ఇచ్చేటప్పుడే ఆస్పత్రి సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున అన్నేళ్లకూ ముందే కట్టించుకుంటారు. సెటిల్‌మెంట్ (శాశ్వత నివాస హక్కు) ఐదేళ్ల నుంచి పదేళ్లకు జరుపుతామని 2025లో ఇంకో ప్రతిపాదన. అమ్మా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అలా ఉంది మా పని. కాబట్టి రాజుగారి కోపం నాకు అర్థం కాకపోలేదు, నిజానికి ఆయనకంటే నాకే ఎక్కువ ఉండాలి.

కానీ నా వార్డులో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా చేసే ఒకామె ఉంది, ఇక్కడే పుట్టిన మనిషి, ముగ్గురు పిల్లలు, మూడోవాడు 2018లో పుట్టాడు. వాడు పుట్టినప్పుడు భర్త సంపాదిస్తున్నాడు, బెనిఫిట్లతో వాళ్లకు పనే లేదు. తర్వాత ఆయన వెళ్లిపోయాడు. రాజుగారూ, ఆవిడ ఏ లెక్క వేసుకుని ఉండాల్సింది? నాకు రాదు కాబట్టి ఆ పిల్లాడికీ రాకూడదు అనడం నాకు నోరు రాదు. నాకు ఎందుకు రాదు అని మాత్రం గట్టిగానే అడుగుతాను.

కృష్ణలంక_కుర్రోడు:
ఇదంతా చదువుతుంటే మన దగ్గర జరిగిందే గుర్తొచ్చింది. అమ్మ ఒడిలో ఇంట్లో ఎంతమంది చదువుతున్నా తల్లికి ఒక్కసారే 15,000. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనంలో బడికి వెళ్లే ప్రతి పిల్లకీ లెక్క. అప్పుడూ ఇవే తిట్లు, ఇవే మెచ్చుకోళ్లు. తమాషా ఏంటంటే ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారు అన్న రూలును ఆంధ్రాలో 2024లోనే తీసేశారు, ఇప్పుడు పిల్లల్ని కనండి కనండి అంటున్నారు. అక్కడా జనాభా ముసలిదైపోతోంది కదా, ఆ మాట ఎవరూ చెప్పరేం?

తూగోజీ_టు_టీసైడ్:
కుర్రోడూ, ఆ దారిలోకి పోతే తిరిగి రాలేం. దానికి వేరే థ్రెడ్ పెట్టు, వస్తా.

రాజూ, నీ ప్రశ్నకు వస్తున్నా. లెక్క వేసుకోవాలి అనేది తప్పు మాట కాదు. కానీ లెక్క తప్పితే శిక్ష ఎవరికి పడుతోంది అన్నది చూడాలి. తండ్రి జీతం, తల్లి నిర్ణయం, తగ్గేది మూడేళ్ల పిల్ల తిండి. ఇంటద్దె పోగా మిగిలిన ఆదాయం మధ్యస్థ ఆదాయంలో 60 శాతం కంటే తక్కువున్న ఇళ్లలో 2023-24లో 45 లక్షల మంది పిల్లలున్నారు, అంటే దేశంలో పదిమందిలో ముగ్గురు. ఈ రూలు ఎత్తేస్తే 2029-30 నాటికి నాలుగున్నర లక్షల మంది అందులోంచి బయటపడతారని ప్రభుత్వమే అంటోంది.

ఇంకోటి, "ఎక్కువ పని చెయ్యొచ్చుగా" అనేవాళ్లు ఈ లెక్క చూడండి. యూనివర్సల్ క్రెడిట్ మీద ఉన్నవాడు ఓవర్‌టైమ్‌లో ఒక పౌండు సంపాదిస్తే టాక్స్ 20 పెన్నీలు, నేషనల్ ఇన్సూరెన్స్ 8 పోయి 72 చేతికొస్తాయి. ఆ 72లో 55 శాతం క్రెడిట్ కోసేస్తారు. మిగిలేది 32 పెన్నీలు. నీకూ నాకూ ఆ రేటున కోస్తే శనివారం షిఫ్ట్‌కి వెళ్తామా?

రెడింగ్_రాజు:
32 పెన్నీల సంగతి నాకు తెలీదు, అది దారుణం. అయితే ఆ 3 బిలియన్లు ఆ కోత తగ్గించడానికి పెట్టొచ్చుగా? పనికి విలువ పెరుగుతుంది, పిల్లల ఇళ్లకే డబ్బు చేరుతుంది. దానికి నేను చప్పట్లు కొడతా.

పాత_కాపు:
2021లో ఆర్థికమంత్రిగా రిషి సునాక్ చేసింది అదే రాజుగారూ, ఆ కోతను 63 శాతం నుంచి 55కి తగ్గించాడు. మంచి పనే. కానీ అది వచ్చింది వారానికి 20 పౌండ్ల కోవిడ్ పెంపును ఆపేసిన తర్వాత నెలల్లోనే. పని దొరకనివాళ్లకు, చెయ్యలేనివాళ్లకు మిగిలింది ఆ 20 పౌండ్ల కోత ఒక్కటే.

ఈ లేబర్ వాళ్లనూ నెత్తిన పెట్టుకోకండి. 2024 జూలై 23న ఇదే రూలు ఎత్తెయ్యమని ఓటేసిన ఏడుగురు సొంత ఎంపీలను పార్టీ గ్రూపు నుంచి సస్పెండ్ చేశారు. పదహారు నెలల తర్వాత అదే పని తామే చేసి చప్పట్లు కొట్టించుకుంటున్నారు.

తూగోజీ_టు_టీసైడ్:
అవును. ఇక క్యాప్. పనిలేని ఇంటికి అన్ని బెనిఫిట్లూ కలిపి లండన్‌లో ఏడాదికి 25,323, బయట 22,020 పౌండ్లు దాటకూడదు. పిల్లలు ఒక్కరైనా ఐదుగురైనా అంతే. అద్దె కూడా అందులోనే. ఇద్దరు పిల్లల రూలు పోయినా క్యాప్ అంచున ఉన్న ఇంటికి కొత్తగా ఒక్క పెన్నీ రాదు, ఇటు కలిపి అటు కోసేస్తారు. అందరికంటే పేదవాళ్లు వాళ్లే. బడ్జెట్ చప్పట్లలో ఈ మాట ఎవరికీ వినపడలేదు.

రెడింగ్_రాజు:
వారానికి 16 గంటల కనీస వేతనం పాటి సంపాదించినా క్యాప్ వర్తించదు కదన్నా? ఆ మాత్రం అడగడం కూడా అన్యాయమేనా?

నైట్_షిఫ్ట్_నర్స్:
ఒంటరి తల్లి, ఎనిమిది నెలల బిడ్డ. బిడ్డకు ఏడాది నిండేవరకు పని వెతుక్కోనక్కర్లేదని యూనివర్సల్ క్రెడిట్ రూల్సే చెప్తాయి. కానీ పని చెయ్యట్లేదు కాబట్టి క్యాప్ ఆమెకూ పడుతుంది. 2019లో ఇలాంటి తల్లులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. ఆమెకు ఆ 16 గంటలు ఎక్కడివి?

రెడింగ్_రాజు:
అలాంటివాళ్లకు క్యాప్ తీసెయ్యమనండి, రేపే సంతకం పెడతాను. రెండేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లకు మాత్రం 16 గంటల షరతు ఉండాలనే అంటా. ఇద్దరు పిల్లల రూలు మీద ఇంకా మీతో లేను, థ్రెషోల్డులు కదిలించి ఆ తర్వాత అడగమనండి.