కరిగే కుట్లా, విప్పే కుట్లా? ఆరో వారంలో దారం బయటికొచ్చింది

గాజువాక అమ్మాయి:
రెండు సిజేరియన్ల తర్వాత జారిపోయిన పొట్టకి ఏప్రిల్‌లో టమ్మీ టక్ చేయించుకున్నాను. ఇక్కడే వైజాగ్‌లో, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. "అన్నీ కరిగిపోయే కుట్లేనమ్మా, విప్పించుకునే పని లేదు" అన్నారు. ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో పడి మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదని సంతోషించాను.

ఐదో వారంలో కుడి తుంటి వైపు, గాటు చివర ఆవగింజంత పొక్కు లేచింది. ఈ ఉక్కపోతలో రోజంతా బెల్టు కట్టుకుంటున్నానుగా, చెమటకాయ అనుకున్నాను. అది చిట్లింది. మొన్న స్నానం చేసి తుడుచుకుంటుంటే టవల్ పోగు దేనికో తగులుకుని సుర్రుమంది. అద్దంలో చూస్తే ఊదారంగు దారం కొస! సగం బియ్యపు గింజంత ఉంది, ముల్లులా బిరుసుగా.

ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి "కరిగిపోతుంది మేడమ్, టెన్షన్ పడకండి" అని పెట్టేసింది. మా ఆఫీసులో ఒకావిడకి ఇదే ఆపరేషన్‌కి నైలాన్ కుట్లు వేసి పన్నెండో రోజున తీసేశారట, ఆవిడకి ఏ గొడవా లేదు. అందం కోసమే లక్షలు పోసి చేయించుకునే ఆపరేషన్‌కి ఈ కరిగే కుట్లు ఎందుకు? ఏవి కావాలో మనల్ని అడగాలా వద్దా?

ఎంవీపీ కుర్రాడు:
అడగాలి. నా ఓటు విప్పే కుట్లకే. బైక్ మీంచి పడి కనుబొమ పైన ఏడు కుట్లు పడ్డాయి, అన్నీ నైలాన్. ఐదో రోజున తీశారు. ఇప్పుడు దగ్గరికొచ్చి చూసినా గీత కనపడదు. పని అయిపోయాక దారం ఒంట్లోంచి పోవాలి. రెండు మూడు నెలలు లోపల ఉంచుకుని అది ఎప్పుడు కరుగుతుందా అని కూర్చోవడం ఏంటండీ? నాకైతే ఇది డాక్టర్ల సౌకర్యం అనిపిస్తుంది. కుట్లు విప్పే ఓపీ తగ్గుతుందిగా.

నైట్ డ్యూటీ సిస్టర్:
తమ్ముడూ, నీ కనుబొమనీ ఆవిడ పొట్టనీ ఒక గాటన కట్టకు. నేను తొమ్మిదేళ్లుగా ప్లాస్టిక్ సర్జరీ థియేటర్‌లో పనిచేస్తున్నాను. ముఖం మీద చర్మం పల్చగా ఉంటుంది, రక్తం బాగా ఆడుతుంది, ఐదు నుంచి ఏడు రోజుల్లో కుట్లు తీసేయొచ్చు. టమ్మీ టక్‌లో ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, మిగులు చర్మం తీసేసి, ఉన్నది బిగించి లాగి కలుపుతారు. లాగుడు ఎక్కువ కాబట్టి పది నుంచి పద్నాలుగు రోజులైనా ఉంచాలి. అన్ని రోజులుంచితే పై కుట్ల చుక్కలు రైలు పట్టాల్లా గాటుకి అటూ ఇటూ మచ్చలుగా మిగలొచ్చు. అందుకే చర్మం కిందే దాచి కుడతారు.

ఇంకో సంగతి. పైన నైలాన్ వేసినా లోపలి పొరలు కలపడానికి వేసేది మామూలుగా కరిగే దారమే. దాన్ని ఎవరూ విప్పలేరు కదా. గాజువాక అమ్మా, మీ ఆఫీసు ఆవిడ లోపల కూడా అదే ఉండి ఉంటుంది. ఆవిడకి బయటికి రాలేదు, మీకొచ్చింది, అంతే.

కరగడమంటే నీళ్లలో పంచదారలా కాదు. వైక్రిల్ అనే దారం ఒంట్లో తేమకి మెల్లగా విరుగుతూ మూడు వారాలకి సగం బలం పోగొట్టుకుంటుంది. పూర్తిగా పోవడానికి 56 నుంచి 70 రోజులు. మోనోక్రిల్ అనే ఇంకో రకం దారానికి 91 నుంచి 119 రోజులు. పీడీఎస్ అనే రకం అయితే ఆరు నెలల పైమాటే. ఆరో వారంలో దారం కనపడటం వింతేమీ కాదు. ముడి ఉన్న చోట దారం లావుగా ఉంటుంది, అది చర్మానికి దగ్గరగా పడితే ఒళ్లు దాన్ని పరాయి వస్తువనుకుని బయటికి తోస్తుంది. మేం దాన్ని కుట్టు ఉమ్మేసింది అంటాం. పూర్వం గొర్రెల, పశువుల పేగుతో చేసిన క్యాట్‌గట్ వాడేవాళ్లు, దానికి వాపు ఇంకా ఎక్కువ.

బీచ్ రోడ్ బాబాయ్:
ఇంత దానికి ఇంత చర్చ ఏటమ్మా! నా హెర్నియా ఆపరేషన్ అయ్యాక నాకూ ఇలాగే వచ్చింది. గోళ్లు తీసుకునే కట్టర్ దీపం మీద కాల్చి చిటుక్కున కత్తిరించేశాను. పసుపు, కొబ్బరినూనె రాశాను. పత్యం గట్టిగా చేశాను. నెల రోజులు పప్పు, వంకాయ, గోంగూర ముట్టలేదు. పప్పు తింటే చీము పడుతుందని మా ఆవిడ బీరకాయ తప్ప ఏదీ పెట్టలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్:
బాబాయ్ గారూ, మీ అదృష్టం బావుంది. కత్తిరించడానికి ముందు మీరు కొస పట్టుకుని లాగే ఉంటారు. అక్కడే ప్రమాదం. చర్మం కింద దాచి కుట్టింది చాలాసార్లు ఒకే దారం, ఈ చివర లాగితే ఎక్కడో మధ్యలో గాటు విచ్చుకోవచ్చు. మూడు వారాల గాటుకి మామూలు చర్మం బలంలో పావు వంతు కూడా ఉండకపోవచ్చు. పచ్చి గాటు మీద పసుపు, నూనె వద్దు. పప్పు సంగతి తర్వాత మాట్లాడతాను.

ఎంవీపీ కుర్రాడు:
సిస్టర్, లోపలి పొర మాట ఒప్పుకుంటాను, నాకు తెలీదు. కానీ అక్క అడిగిన దాంట్లో రెండో సగం అలాగే ఉంది. ఇంత మామూలు విషయమైతే డిశ్చార్జ్ కాగితంలో "దారం బయటికి రావొచ్చు, వస్తే లాగకండి, రండి" అని ఒక్క లైను రాయడానికి ఏం పోయింది? "విప్పించుకునే పని లేదు" అంటే జనానికి "ఇక రానక్కర్లేదు" అనే వినపడుతుంది.

నైట్ డ్యూటీ సిస్టర్:
అది మా వాళ్ల తప్పే. కాదనను.

రామ్‌నగర్ 27:
"మామూలే" అన్న మాట నాకు నాలుగు నెలలు ఖర్చయింది, అందుకే రాస్తున్నాను. నాది మగవాళ్లకి ఛాతీ తగ్గించే ఆపరేషన్. నాలుగో వారంలో ఒక పొక్కు. కరిగే కుట్టేలే అన్నారు. తర్వాత మూడు, తర్వాత ఐదు. నీళ్లలాంటి రసి కారేది, జ్వరం లేదు, పెద్దగా నొప్పీ లేదు. టీషర్టుకి అంటుకోకుండా లోపల టిష్యూ పెట్టుకుని ఆఫీసుకెళ్లేవాణ్ని. మూడు రకాల యాంటీబయాటిక్స్ మింగాను, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. రసి తీసి ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూస్తారే, ఆ మామూలు కల్చర్ పరీక్షలో ఏమీ రాలేదు.

వేరే డాక్టర్ చూసి, ప్రత్యేకంగా అడిగి ఇంకో కల్చర్ పంపించాడు. టీబీ క్రిమి కుటుంబంలోదే, టీబీ మాత్రం కాదు, నీళ్లలో బతికే రకం అని తేలింది. మామూలు మందులకి లొంగదట. కుట్లు ఉన్న చోటల్లా శుభ్రం చేసి, నెలల తరబడి మందులు వాడించారు. అది థియేటర్‌లో అంటిందో, నేను పచ్చి గాటు మీద కుళాయి నీళ్లు పోసుకున్నందుకు అంటిందో ఎవరూ తేల్చలేదు. కరిగేవా, విప్పేవా అన్నది నాకు రెండో ప్రశ్న. నెల దాటాక కొత్త పొక్కులు వరసగా వస్తుంటే కుట్టు మీదకి నెట్టేసి ఊరుకోకండి.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఇది అందరూ చదవాలి. అరుదే, కానీ ఉంది. ఒక్క పొక్కు, ఒక్క దారం, చుట్టూ చర్మం మామూలుగా ఉంటే చాలావరకు కుట్టే. ఎరుపు పాకడం, వేడి, వాసన వచ్చే చీము, జ్వరం, గాటు విచ్చుకోవడం ఉంటే ఆ రోజే వెళ్లాలి. గాజువాక అమ్మా, మీకు ఇవేవీ లేకపోయినా రిసెప్షన్‌ని అడగొద్దు, వెళ్లి డాక్టర్‌కి చూపించండి.

గాజువాక అమ్మాయి:
వెళ్లొచ్చాను. రెండు నిమిషాల పని. పట్టకారుతో కొస పట్టుకుని కొంచెం పైకెత్తి, చర్మానికి ఆనించి కత్తిరించారు. ముడి కూడా వచ్చేసింది. దూదిలో పెట్టి చూపిస్తే దోమంత ఉంది. ఇంతకోసమా నేను మూడు రాత్రులు నిద్రపోనిది! చీము లేదు, డబ్బులూ తీసుకోలేదు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే "అందరికీ రాదు కదమ్మా" అన్నారు. రానివాళ్లకి చెప్పినా నష్టం ఏముందో నాకు అర్థం కాలేదు. కుట్ల రకం విషయంలో మాత్రం సిస్టర్ మాటే నిజం, నాకు లోపల నాలుగు వరసలు ఉన్నాయట. బెల్టు లోపల పల్చటి కాటన్ బనియన్ వేసుకుని, చెమట పట్టినప్పుడల్లా మార్చుకోమన్నారు.

బీచ్ రోడ్ బాబాయ్:
సంతోషం తల్లీ. ఇంతకీ సిస్టర్, పప్పు సంగతి?

నైట్ డ్యూటీ సిస్టర్:
తినండి బాబాయ్ గారూ. గాయం మానడానికి ప్రొటీన్ కావాలి. పప్పు, గుడ్డు, చేప ఏదైనా సరే. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. షుగర్ ఉంటే అది అదుపులో పెట్టుకోండి, సిగరెట్ మానండి. అసలు పత్యం అదీ.

బీచ్ రోడ్ బాబాయ్:
మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ సిస్టర్‌కి ఎన్నేళ్లు అని అడిగింది. ఈ పూట కూడా బీరకాయే.