పాత అద్దెదారు వాడిన కరెంటుకు మేమెందుకు కట్టాలి?

తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకు ఉంటున్నాం. ఏసీ లేదు. గదిలో ఫ్యాను ఆపకుండా బయటకు వస్తే మా అత్తగారు ఆ పూటంతా గుర్తు చేస్తూనే ఉంటారు. ఈ నెల సరిగ్గా 120 యూనిట్లు. మొదటి 30కి 1.90, తరువాతి 45కి 3, మిగతా 45కి 4.50 చొప్పున లెక్కేస్తే 394 రూపాయల 50 పైసలు. బిల్లు మాత్రం 600 దాటింది.

ఆ పొడవాటి చీటీని కిటికీ దగ్గర పెట్టుకుని చదివాను. స్థిర ఛార్జీ, సుంకం సరే. బొగ్గు ఖర్చు, బయట కొన్న కరెంటు ధర పెరిగితే యూనిట్‌కు 40 పైసల దాకా సర్దుబాటు వేస్తారని 2023 నుంచీ చూస్తున్నాం, అదీ సరే. కానీ ఇంకో సర్దుబాటు పద్దు పక్కన ఉన్న నెల రెండేళ్ల కిందటిది! మేము ఈ ఇంట్లో దిగింది మొన్న ఉగాదికి. అప్పుడున్నవాళ్లకు ఏసీ ఉండేదని ఇంటాయనే చెప్పారు.

ఈ పాత భారం మీటరుదా, మనిషిదా? అద్దెలో తగ్గించుకోమని అడిగి ఒప్పించినవారు ఎవరైనా ఉన్నారా? ఇంకా ఎన్ని నెలలు కట్టాలో బిల్లులో ఎక్కడ చూడాలో కూడా చెప్పండి.