ఇయర్ వన్‌లో పాపకి పుస్తకాలే లేవు, వీళ్లు ఏం నేర్పుతున్నట్టు?

ప్రశ్న, ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి:

అందరికీ నమస్తే అండి. జనవరిలో హైదరాబాద్ నుంచి వచ్చాం. పాపకి ఐదేళ్ల ఎనిమిది నెలలు. యూకేజీ మధ్యలో మాన్పించి తీసుకొచ్చాం. వంద దాకా అంకెలు, రెండంకెల కూడికలు, కర్సివ్ రాత అన్నీ వచ్చు. ఇక్కడ ఇయర్ వన్‌లో వేశారు. టెక్స్ట్‌బుక్ లేదు, నోట్సు ఇంటికి రాదు, హోంవర్క్ అంటే పలచటి కథల పుస్తకం ఒకటి. స్కూల్లో ఏం చేశావే అంటే రోజూ "ఆడుకున్నా" అంటుంది. మొన్న టీచర్ పిలిచి, చదవడంలో కొంచెం వెనకబడింది, సౌండ్స్ రావట్లేదు అన్నారు. ఏబీసీడీలు నిద్రలో లేపి అడిగినా చెప్తుందండీ మా పాప! జూన్‌లో ఏదో పరీక్ష కూడా ఉందట. మా ఆయనేమో అసలు ఇక్కడ చదువే లేదంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఎవరైనా కాస్త విడమరిచి చెప్తారా?

జవాబు, మిల్టన్ కీన్స్ నుంచి:

ముందు ఒక్క మాట అండి, పాప వెనకబడలేదు. వాళ్లు అడుగుతున్నది వేరు, మనం నేర్పింది వేరు. మా పెద్దాడు ఆరేళ్ల కిందట సరిగ్గా ఇలాగే వచ్చాడు.

ఏబీసీడీలు అక్షరాల పేర్లు. ఇక్కడ చదవడం నేర్పేది పేర్లతో కాదు, అవి పలికే శబ్దాలతో. అదే ఫోనిక్స్. రిసెప్షన్ క్లాసులోనే, అంటే ఇయర్ వన్‌కి ముందు, మీ పాప ఇక్కడ లేని ఏడాదిలోనే, మొదలైపోతుంది. చాలా స్కూళ్లు ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలతో మొదలుపెడతాయి. ఈ ఆరింటితోనే సిట్, పిన్, ట్యాప్, స్నాప్ లాంటి చిన్న మాటలు బోలెడు కూర్చొచ్చు కాబట్టి. 'ఎస్' అనరు, పాము బుసకొట్టినట్టు 'స్స్స్' అంటారు. ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు 44 దాకా. రెయిన్‌లో, ప్లేలో, కేక్‌లో 'ఏ' శబ్దం ఒకటే, రాసే తీరు మూడు రకాలు. ఇయర్ వన్ చాలామటుకు ఇలాంటి వాటితోనే గడుస్తుంది.

ఇక్కడే నేను బోల్తాపడ్డా. మనది అజంత భాష, మాట చివర అచ్చు తగలకపోతే నోరు ఊరుకోదు. బస్సు, కారు, పెన్ను. నేను మా వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని క్యాట్ అనే మాటకి "కె... యా... టె" అని పలికించా. మూడూ గబగబా కలపరా అంటే "కెయాటె" అన్నాడు. ఎన్నిసార్లు కలిపినా కెయాటెయే. పిల్లి మాత్రం రాలేదు. తప్పు వాడిది కాదు, నేను అందించిన ముక్కలది. అది మాన్పించడానికి నెల పట్టింది. మీరు పొల్లు పెట్టి పలకండి: క్, ట్, ప్. తెలుగువాళ్లకి పొల్లంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు కదా, ఆ ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. క్ కి ఆ చేరిస్తే కా అని గుణింతం వల్లించిన వాళ్లకి ఈ కలపడం కొత్తేం కాదు.

జూన్ పరీక్ష సంగతి. పేరు ఫోనిక్స్ స్క్రీనింగ్ చెక్, 2012 నుంచి ఉంది. టీచర్ పాపని పక్కన కూర్చోబెట్టుకుని 40 మాటలు చదివిస్తారు, కొద్ది నిమిషాల పని. అందులో 20 అసలు మాటలు, 20 ఉత్తుత్తివి. ఉత్తుత్తి మాట పక్కన గ్రహాంతరవాసి బొమ్మ ఉంటుంది. గుర్తుపట్టి చెప్తోందా, శబ్దాలు కూడబలుక్కుని చదువుతోందా అని తేల్చడానికి ఆ తిరకాసు. బాగా చదివే పిల్లలే ఒక్కోసారి తప్పుతారు, 'స్ట్రోమ్' అని ఉంటే తెలివిగా సరిదిద్ది 'స్టార్మ్' అనేస్తారు! ఇన్నాళ్లూ 32 వస్తే దాటినట్టు. రాకపోతే ఇయర్ టూలో మళ్లీ పెడతారు, ఈలోపు కాస్త ఎక్కువ సాయం చేస్తారు. అంతే. ర్యాంకులూ లేవు, క్లాసు ఆపడమూ లేదు.

ఆ పలచటి పుస్తకాన్ని తేలిగ్గా తీసుకోకండి. పాపకి వచ్చిన శబ్దాలు చూసి ఏరి ఇస్తారు దాన్ని. రోజూ పది నిమిషాలు చదివించి, రీడింగ్ రికార్డులో, అంటే ఇంట్లో ఏం చదివారో రాసే పుస్తకంలో, ఒక ముక్క రాసి సంతకం పెట్టండి. టీచర్లు అది చూస్తారు.

జవాబు, లెస్టర్ నుంచి:

అమ్మా, నేను ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. పైన చదువు గురించి చెప్పారు కాబట్టి నేను లెక్కల గురించి చెప్తాను.

పోయినేడు మన ఊళ్ల నుంచి వచ్చిన ఒక బాబు చిన్న వైట్‌బోర్డు మీద 27 కింద 15 పెట్టి, పైన ఒకటి వేసి, చక్కగా 42 అని రాశాడు. మిగతా పిల్లలు నోరెళ్లబెట్టారు. టీచర్ పొగిడి, పైన వేసిన ఆ ఒకటేంటి నాన్నా అని అడిగింది. "క్యారీ" అన్నాడు. క్యారీ అంటే? "ఒకటి". అయితే ఇక్కడ చూపించు అని డీన్స్ దిమ్మలు ముందు పెట్టింది. వాటిలో చిన్న ఘనం ఒకటి, పొడుగు కడ్డీ పది. వాడు చిన్న ఘనం తీసి పెట్టాడు. కడ్డీ తీయాలని తట్టలేదు. జవాబు వచ్చింది గానీ అందులో పది ఎక్కడుందో వాడికి తెలీదు. ఇక్కడ మొదటి రెండేళ్లూ ఆ పది కోసమే కష్టపడతారు. ముందు చేత్తో వస్తువులు, తర్వాత బొమ్మ, ఆఖర్న అంకెలు. ఇయర్ వన్‌లో వంద దాకా లెక్కపెట్టిస్తారు, కానీ కూడికలు, తీసివేతలు 20 లోపే. పదికి జతలు, అంటే ఏడుకి ఎంత, ఆరుకి ఎంత అని అడగ్గానే నోట్లోంచి రావాలి. వీటిని నంబర్ బాండ్స్ అంటారు. ఎక్కాలు ఇయర్ టూలో రెండు, అయిదు, పదితో మొదలు.

ఇంట్లో చింతపిక్కలో, శనగలో తీసుకోండి. కాగితం మీద వరసకి అయిదు చొప్పున రెండు వరసలు పది గళ్లు గీసి నింపించండి. లెక్క తెలుగులోనే చెప్పించండి. పదమూడు అంటే పది, మూడు అని మాటలోనే వినబడుతుంది. ఇంగ్లీషు ఎలెవెన్, ట్వెల్వ్‌లో పది ఎక్కడుందో వెతుక్కోవాలి. జవాబు కరెక్టయినా సరే, "నీకెలా తెలిసింది?" అని అడగండి. క్లాసులో టీచర్ అడిగే ప్రశ్న అదే, మన పిల్లలు తడబడేదీ దానికే.

"ఆడుకున్నా" అంటోంది అన్నారు కదా. గత వారం మా క్లాసులో టెడ్డీకి గొడుగు కట్టాలంటే ఏ గుడ్డ మంచిదని డ్రాపర్‌తో నీళ్లు పోసి చూశారు. అది సైన్సు. ఇయర్ వన్‌లో ఉండేవి రుతువులు, మొక్కలు, జంతువులు, చెక్క, గాజు, ప్లాస్టిక్ లాంటి పదార్థాలు. పిల్లకి అది ఆటే మరి. ఏం చేశావు అని కాకుండా, ఇవాళ కార్పెట్ మీద నీ పక్కన ఎవరు కూర్చున్నారు, ఏం మాట్లాడుకున్నారు అని అడిగి చూడండి.

రాతలో 'వాజ్'ని డబ్ల్యూ ఓ ఎస్ అని రాసినా ఎర్రగీత పడకపోవచ్చు, విన్నది విన్నట్టు రాయగలుగుతోందని టీచర్ సంతోషిస్తుంది. కర్సివ్ వచ్చని చెప్పండి, మాన్పించకండి. ఇంకోటి, పాప క్లాసులో కొన్నాళ్లు నోరు మెదపకపోవచ్చు, కంగారు పడకండి. ఇంగ్లీషు తొందరగా రావాలని ఇంట్లో తెలుగు ఆపొద్దు. మా టీచర్లే తల్లిదండ్రులకి ఈ మాట చెప్తుంటారు.

జవాబు, స్లౌ నుంచి:

అందరూ మంచే చెప్తున్నారు, నేను కాస్త అడ్డం మాట్లాడతాను. నెమ్మది నెమ్మది అని మనం కూడా నిద్రపోతే కుదరదు. ఇయర్ ఫోర్ జూన్‌లో కంప్యూటర్ మీద ఎక్కాల పరీక్ష ఉంటుంది, 12 పన్నెండ్ల దాకా, 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు. మన అమ్మమ్మలు సాయంత్రం పూట వల్లె వేయించినట్టు వేయిస్తేనే అక్కడ చెయ్యి ఆడుతుంది. గ్రామర్ స్కూల్ (పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ హైస్కూల్) ఆలోచన ఉంటే, దాని ప్రవేశ పరీక్ష 11 ప్లస్ ఇయర్ సిక్స్ మొదట్లోనే, సెప్టెంబర్‌లో. కానీ అయిదేళ్ల పిల్లకి ఇప్పట్నించీ ట్యూషన్ మాత్రం వద్దండి. మా కాలనీలో అలా పెట్టినవాళ్లని చూశాను, పిల్లకి పుస్తకమంటేనే విసుగొచ్చేసింది.

మళ్లీ రెడింగ్ నుంచి:

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి వాళ్ల నాన్న కూర్చోబెట్టి "స్, ఇ, ట్" అని పలికించారు. ఆయనకే రాలేదు, "టె" అనే వస్తోంది. పాప సరిదిద్దింది, "టె కాదు నాన్నా, ట్". అంటే స్కూల్లో ఎంతో కొంత పట్టుకుంటోంది. శుక్రవారం టీచర్‌తో పది నిమిషాలు టైమ్ ఇచ్చారు, రిసెప్షన్‌లో చెప్పిన శబ్దాల లిస్టు అడుగుతాను.

ఇంకో చిన్న డౌట్. ఇయర్ టూ దాకా లంచ్ ఉచితం అంటున్నారు కదా, వెజ్ అని ముందే చెప్పాలా, ఏ రోజుకారోజు పాప ఎంచుకుంటుందా? మొన్న చేపముక్క పెట్టేశారని ఏడ్చింది.