ఫ్లూ తగ్గింది, అమ్మ మాత్రం లేచి నడవలేకపోతోంది

ప్రశ్న (తెనాలి అబ్బాయి):
మా అమ్మకు 76 ఏళ్ళు. నాన్నతో తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. పోయిన నెల జ్వరం, దగ్గు వస్తే పరీక్షలో ఫ్లూ అని తేలింది. వారంలో జ్వరం పోయింది. కానీ ఇప్పటికీ బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. జ్వరానికి ముందు వంటా, పూజా, సాయంత్రం గుడీ అన్నీ తనే చూసుకునేది. ఇప్పుడు జాకెట్లు వదులైపోయాయి. రక్తపరీక్షల్లో ఏమీ లేదన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ రోజూ సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుందంటున్నాడు. చుట్టాలేమో వయసు మీద పడింది, కదలనివ్వద్దు అంటున్నారు. నాన్న కాఫీతో సహా అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నారు. ఇది నిజంగా వయసేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

సీమ బిడ్డ:
2006లో చికున్‌గున్యా మా కడప వైపు ఊళ్ళకు ఊళ్ళను పడుకోబెట్టింది. మా జేజి కీళ్ళనొప్పులతో నెలల తరబడి మంచంలోనే ఉండిపోయింది. నొప్పులు తగ్గినా తర్వాత కర్ర లేనిదే నడవలేదు. అమ్మను మంచానికి అలవాటు కానివ్వొద్దండీ.

గుంటూరు ఫిజియో:
నేను ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళకు వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని. మీరు రాసింది చదివితే, జ్వరానికి ముందు ఇల్లంతా చూసుకున్న మనిషి. నెలలో వయసు అంతగా మీద పడదు. వైరస్‌తో పోరాడేటప్పుడు ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. దానికి తోడు ఆకలి ఉండదు. పైగా జ్వరానికి లంఖణం పరమౌషధం అని నమ్మే తరం, జావతో సరిపెట్టి ఉంటారు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళను 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గిందని 2007లో అమెరికాలో తేల్చారు. మీ అమ్మగారికి జ్వరం కూడా వచ్చింది కదా.

బరువు తగ్గడం, ఊరికే అలసట, పిడికిట్లో పట్టు లేకపోవడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గిపోవడం: ఈ అయిదింటిలో మూడుంటే డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. చాలామంది దీన్నుంచి కోలుకుంటారు. ఊరికే వదిలేస్తే మాత్రం ఒకరోజు పడిపోతారు, తుంటి విరుగుతుంది. నాకు అదే భయం.

నోటితో తినగలిగే మనిషికి సెలైన్ ఎందుకండీ? అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. ప్రోటీన్ సున్నా. రెండు గుడ్లలో 12 గ్రాములుంటుంది. గుండె బలహీనంగా ఉంటే ఆ నీరు చేటు కూడా.

పగలు మంచం మీద కాకుండా చేతుల కుర్చీలో కూర్చోబెట్టండి. నవారు మంచం, పల్లపు కుర్చీ వద్దు, వాటిలోంచి లేవడం మనకే కష్టం. కుర్చీలోంచి లేచి నిలబడి మళ్ళీ కూర్చోవాలి, అయిదుసార్లు, పూటపూటా. మొదట చేతుల ఊతంతో చేసినా ఫర్వాలేదు. నాన్నగారు పక్కన నిలబడాలి గానీ లేపకూడదు. కాఫీ మాత్రం వంటింట్లోకి వచ్చి తాగమనండి! ఆయాసం, గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆపి డాక్టర్‌కి చూపించండి. బీపీ మాత్రలు వేసుకుంటుంటే కూర్చున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ చూపించండి. బరువు తగ్గాక పాత డోసు ఎక్కువైపోయి, నిలబడగానే పడిపోతుంటారు.

తెనాలి అబ్బాయి:
చాలా థాంక్సండీ. బీపీ మాత్ర వేసుకుంటుంది, రేపే చూపిస్తాం. కానీ అమ్మ గుడ్డు ముట్టదు. ఎలా?

గుంటూరు ఫిజియో:
ఫర్వాలేదు. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, గడ్డపెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి పాలు. 50 కిలోల మనిషికి రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ అందాలి, అది ఒక్క పూటలో తినలేరు, అన్ని పూటలకూ పంచండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే. ఫ్లూ టీకా గురించి కూడా అడగండి. ఏటా వేయించాలి, ఇద్దరికీ.