‘సిటీ ఆఫ్ ఏంజిల్స్’లో మ్యాగీ మరణం అవసరమా?

ప్రశ్న వేసినవారు:

బ్రాడ్ సిల్బర్లింగ్ 1998లో తీసిన ‘సిటీ ఆఫ్ ఏంజిల్స్’కు మూలం 1987లో జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తీసిన ‘వింగ్స్ ఆఫ్ డిజైర్’. రెండింటిలోనూ ఒక దేవదూత మానవ స్త్రీని ప్రేమించి, అమరత్వాన్ని వదులుకుని మనిషి అవుతాడు. జర్మన్ చిత్రంలో డామియెల్, సర్కస్‌లో ట్రపీజ్ విన్యాసాలు చేసే మారియన్‌ను చేరుకుంటాడు. హాలీవుడ్ చిత్రంలో సెత్ మనిషిగా మారి, గుండె శస్త్రచికిత్సలు చేసే డాక్టర్ మ్యాగీని కలుసుకున్న కొద్ది గంటలకే ఆమె సైకిల్ మీద వస్తూ లారీకి గుద్దుకుని చనిపోతుంది. ఈ మరణం కథకు అన్యాయం చేసిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డామియెల్‌కు మనిషి కావాలన్న కోరిక మారియన్‌ను చూడకముందే ఉంది. కార్ల దుకాణంలో ఒక కారులో కూర్చుని తోటి దేవదూత కాసియెల్‌తో అతడు చెప్పుకునే ఆశలు ఎంత చిన్నవో గమనించండి: ఇంటికి వచ్చి పిల్లికి తిండి పెట్టాలి, జ్వరం రావాలి, వార్తాపత్రిక సిరా వేళ్లకు అంటాలి. దేవదూతలు చూసే లోకం నలుపు-తెలుపుల్లో సాగే ఆ చిత్రంలో అతడు మనిషి కాగానే రంగులు వస్తాయి. తలకు తగిలిన గాయం నుంచి కారిన రక్తాన్ని రుచి చూసి, గోడ మీది బొమ్మల్లో ఏ రంగును ఏమంటారో దారిన పోయే మనిషిని అడిగి తెలుసుకుని, చలిలో వేడి కాఫీ తాగుతాడు. మనిషి కావడం అక్కడ వరమే గాని, చెల్లించవలసిన మూల్యం కాదు. హాలీవుడ్ చిత్రం దానిని త్యాగంగా మార్చి, ఆ త్యాగం చాలదన్నట్టు మ్యాగీ ప్రాణాన్ని కూడా తీసుకుంది.

మొదటి సమాధానం:

మీతో ఏకీభవించలేను. మ్యాగీ కథ మొదలయ్యేదే మరణంతో. ఆపరేషన్ బల్ల మీద ఆమె రోగి చనిపోతాడు, అతడిని తీసుకువెళ్లడానికి వచ్చిన సెత్ ఆమెను తొలిసారి చూసేది అప్పుడే. చేయగలిగినదంతా చేసినా ప్రాణం ఎందుకు నిలబడలేదన్న ప్రశ్నే ఆమెను కుంగదీస్తుంది. అలాంటి కథలో మనిషిగా మారిన దేవదూతకు సుఖం మాత్రమే దక్కితే, మర్త్యుడు కావడమంటే ఏమిటో అతడికి తెలిసినట్టు ఎలా అవుతుంది? ఇలా జరుగుతుందని తెలిసినా మనిషివి అయ్యేవాడివా అని సెత్ తోటి దేవదూత (ఇతడి పేరూ కాసియెలే) అడిగినప్పుడు, ఆమె స్పర్శ లేని అనంతకాలం కన్నా ఆ కాస్త సామీప్యమే చాలునన్న భావంతో సెత్ ఇచ్చే జవాబుకు బరువు వచ్చింది ఆ మరణం వల్లనే. డామియెల్ ఏమీ పోగొట్టుకోలేదు కనుక అతడి నిర్ణయానికి పరీక్షే లేదు.

రెండవ సమాధానం:

ఒక విషయం చేర్చాలి. వెండర్స్ మరణాన్ని తప్పించుకున్న దర్శకుడేమీ కాదు. 1993లో వచ్చిన కొనసాగింపు చిత్రంలో కాసియెల్, బాల్కనీ నుంచి పడిపోతున్న ఒక పాపను పట్టుకోబోయి మనిషి అవుతాడు, చివరికి మనిషిగానే చనిపోతాడు. అయితే ఆ చావు అతడు ఈ లోకంలో చేసిన పనుల నుంచి వస్తుంది. మన తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో (1990) ఇంద్రజ ఉంగరం పోగొట్టుకుని, అది లేనిదే స్వర్గానికి తిరిగి వెళ్లలేక భూమి మీద ఉండిపోతుంది. అక్కడ మొదట ఉన్నది చిక్కు, ప్రేమ తరువాత వస్తుంది. డామియెల్, సెత్‌ల కథల్లో ఇష్టపూర్వకంగా దిగి రావడమే మూలం కనుక, ఆ ఇష్టానికి ఎదురయ్యే ఫలితం కూడా పాత్రల నుంచే పుట్టాలని ఆశించడం న్యాయమే.

ప్రశ్న వేసినవారు:

మొదటి సమాధానం ఇచ్చినవారు చెప్పిన ఆపరేషన్ సన్నివేశం చాలా బలమైనది, దానిని నేను కాదనను. కానీ రోగి మరణం మ్యాగీలో ఒక ప్రశ్నను రేపింది, లారీ ఆ ప్రశ్నకు ఆమె జవాబు వెతుక్కునే అవకాశాన్నే తీసేసింది. ఆ తరువాత దుఃఖమంతా సెత్‌ది, తెలుసుకునేదీ సెత్, చివరికి సముద్రపు అలల్లో ఆనందించేదీ సెత్. ఇద్దరి కథగా మొదలైనది ఒకరి పాఠంగా ముగిసింది. జర్మన్ చిత్రంలో ఇద్దరూ కలుసుకున్నప్పుడు ఎక్కువగా మాట్లాడేది మారియన్. నిర్ణయం తనది కూడా అని ఆమె స్పష్టంగా చెబుతుంది, డామియెల్ నిలబడి వింటాడు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:

మారియన్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయినా మ్యాగీ బతికి ఉంటే మిగిలిన సినిమాలో చూపడానికి ఏముండేది? సుఖంగా కాపురం చేసుకునే ఇద్దరిని ఎంతసేపు చూడగలం?

ప్రశ్న వేసినవారు:

వెండర్స్ దానిని ఒకే ఒక సన్నివేశంలో చూపించాడు. చివర్లో మారియన్ గాలిలో సాధన చేస్తూ ఉంటుంది, కింద నిలబడి ఆమె తాడు పట్టుకున్నవాడు డామియెల్. ఒకప్పుడు రెక్కలున్నవాడు నేల మీద ఉన్నాడు, ఏ రెక్కలూ లేని మనిషి పైన ఉంది, ఆమె ప్రాణం అతడి చేతుల్లో ఉంది. ఏ క్షణమైనా జారే వీలున్న ఆ తాడులో మరణభయం ఉంది, దానితో పాటు రోజూ చేయవలసిన పని కూడా ఉంది. మ్యాగీ, సెత్‌లకు ఆ రెండవ రోజు కూడా ఇవ్వని ముగింపును నేను అంగీకరించలేను.